చారాణా రాచెట్, బారాణా మసాలా

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రుల్లో తల్లికి చేతినిండా పని ఉంటుంది. తండ్రికి మాత్రం వీసా ఇచ్చేటప్పుడే అక్కడ ఏ పనీ చేయకూడదని షరతు పెడతారు. ఆ షరతును మా అమ్మాయి ఇంట్లో అక్షరాలా అమలు చేశారు. గిన్నెలు కడగబోతే ‘డిష్‌వాషర్ ఉంది కదా నాన్నా’ అంటుంది కూతురు. చెత్తబుట్ట ఎత్తబోతే ‘ఏది నీలం డబ్బాలో వెయ్యాలో మీకు తెలీదు, ఉండండి మావయ్యగారూ’ అంటాడు అల్లుడు. పోనీ మనవణ్ణి ఎత్తుకుందామంటే ‘ఇప్పుడే జోకొట్టానండీ, లేపారంటే మీరే పడుకోబెట్టాలి’ అంటుంది మా ఆవిడ. ముప్పై ఏళ్ల పైగా ప్రభుత్వ ఖాతాలు ఆడిట్ చేసి, ఆఫీసులు ఆఫీసుల్నే గడగడలాడించినవాణ్ణి, టెక్సస్‌లోని ఫ్రిస్కోలో సోఫాకు ఓ మూల దిండులా మిగిలాను.

నాలాంటి దిండ్లు ఆ కాలనీలో చాలానే ఉన్నాయి. పొద్దున్నే అల్లుళ్లు కొనిచ్చిన తెల్లబూట్లు తొడుక్కుని అందరం వాకింగ్‌కి బయల్దేరతాం. మాటలన్నీ షుగర్ మాత్రల చుట్టూ, తిరుగు టిక్కెట్టు చుట్టూ నడుస్తాయి. మా జట్టులో గుంటూరు వైపు ఆయన ఒకరుండేవారు. ఆర్టీసీ డిపోలో మెకానికల్ ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. రోడ్డున పోయే కారు చప్పుడు విని ‘దాని బెల్టు పోతోందండీ’ అని జాలిపడేవారు. కారు తోలే అమ్మాయికి ఆ సంగతి చెప్పే దారి లేక ఆయన పడే బాధ చూడలేకపోయేవాళ్లం.

శనివారం పొద్దున అక్కడ గరాజ్ సేల్స్ ఉంటాయి. ఇంట్లో అక్కర్లేని సామానంతా గరాజ్ ముందు బల్లల మీద పరిచి, మలుపులో ఓ అట్టముక్క మీద బాణం గుర్తు గీసి పెడతారు. పాత దీపపు స్తంభాలు, ఒక్కసారి కూడా వాడని వ్యాయామ సైకిళ్లు, పిల్లలు ఎదిగాక మూలపడ్డ కుర్చీలు. అమెరికాలో తెలుగువాడికి ప్రాణం లేచొచ్చే చోటు ఇదొక్కటే. ఎందుకంటే బేరం ఆడనిచ్చేది ఇక్కడే. పెద్ద దుకాణాల్లో ధర కంప్యూటర్ చెబుతుంది, కంప్యూటర్‌తో ఏం బేరం ఆడతాం? ఇక్కడ మనిషి చెబుతాడు. మనిషి చెప్పాడంటే అందులో తగ్గేది ఎంతో కొంత ఉంటుంది.

ఓ పెద్దాయన ఇల్లు ఖాళీ చేసి చిన్న అపార్ట్‌మెంటుకు మారుతున్నాడట, పనిముట్లన్నీ బల్ల మీద పోశాడు. మూడు డాలర్లన్న ఇనుప వస్తువును నేను రెండుకు అడిగాను. ఆయన నవ్వి ఇచ్చేశాడు. అదేమిటో నాకు తెలీదు. బరువుగా ఉంది, చేతికి నిండుగా ఉంది, ఒక డాలరు తగ్గింది. కొనడానికి ఇంతకంటే కారణాలు కావాలా? పక్కనున్న ఫోర్‌మన్‌గారు దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పి, ‘రాచెట్టండీ. అరంగుళం డ్రైవు. క్రాఫ్ట్స్‌మన్. మంచి ఉక్కు’ అని మెచ్చుకున్నారు. ఆ వెంటనే, ‘పనిచెయ్యదు’ అని కూడా అన్నారు.

రాచెట్ అంటే ఏమిటో మా ఆవిడకు ఆ సాయంత్రం నేను చెప్పిన తీరులోనే చెబుతాను. మామూలు పానాతో బోల్టు బిగించాలంటే కొంచెం తిప్పడం, తియ్యడం, మళ్లీ పెట్టడం, మళ్లీ తిప్పడం. చోటు ఇరుకైతే ఆ పని తెమలదు. రాచెట్‌కు ఆ బాధ లేదు. ముందుకు తోస్తే బోల్టు తిరుగుతుంది, వెనక్కి లాగితే చెయ్యి మాత్రమే వస్తుంది, బోల్టు కదలదు. చదరంగా పొడుచుకొచ్చిన దాని మూతికి బోల్టు సైజును బట్టి సాకెట్లు తగిలిస్తారు. హైదరాబాద్ మెకానిక్కులు వాటినే గోటీలంటారు. లోపల పళ్ల చక్రం ఒకటి, ఆ పళ్లలో ఇరుక్కునే పాల్ అనే చిన్న ముక్క ఒకటి, దాన్ని పళ్ల మీదికి నొక్కి పెట్టే స్ప్రింగు ఒకటి. సైకిలు తొక్కడం ఆపినా వెనక చక్రం టికటికమంటూ దొర్లిపోతుందే, ఆ ఫ్రీవీల్‌లో ఉన్నదీ ఇదే. రాచెట్‌కు అదనంగా ఓ మీట ఉంటుంది. అటు తిప్పితే బిగించడం, ఇటు తిప్పితే విప్పడం.

‘మరి ఇది?’ అంది మా ఆవిడ.

‘ఇది బిగించడానికి ఒప్పుకుంటుంది. విప్పడానికి ఒప్పుకోదు.’

‘మన పెళ్లినాటి పురోహితుడు కూడా అంతేగా’ అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

దాని వెనకాల మధ్యలో ఓ చిన్న బటన్ ఉంది. నొక్కితే సాకెట్ ఊడి చేతిలో పడాలి. ఆ బటన్‌కు ఓ పెద్ద కథ ఉందని అల్లుడు ఫోనులో వెతికి చదివి వినిపించాడు. ఆ రోజు నుంచి నాకు ఆ రాచెట్ మీద మమకారం పుట్టింది, కారణం వృత్తిరీత్యా అని మనవి.

పీటర్ రాబర్ట్స్ అనే కుర్రాడు మసాచుసెట్స్‌లోని గార్డ్‌నర్ అనే ఊళ్లో సియర్స్ దుకాణంలో గుమాస్తా. 1963లో, 18 ఏళ్ల వయసులో, ఖాళీ సమయంలో ఆ బటన్ ఆలోచన చేశాడు. అప్పటిదాకా గ్రీజు చేతులతో సాకెట్‌ను పీకాలంటే జారిపోయేది, పట్టు దొరికేది కాదు. ఇతని ఏర్పాటులో ఒక్క వేలితో నొక్కితే లోపలి చిన్న బంతి వెనక్కి తగ్గి సాకెట్‌ను వదిలేస్తుంది. కుర్రాడు దాన్ని తన కంపెనీకే చూపించాడు. ఇదేమంత కొత్తది కాదు, పెద్దగా అమ్ముడుపోదు అన్నట్టు మాట్లాడి, రాచెట్‌కు 2 సెంట్ల చొప్పున, మొత్తం 10,000 డాలర్లు దాటకుండా రాయించుకున్నారు. ఆడిటర్ బుద్ధి కదా, వెంటనే లెక్క కట్టాను. 5 లక్షల రాచెట్లు అమ్ముడయ్యేసరికి కుర్రాడి వాటా చెల్లు. తర్వాత కోర్టులో తేలిందేమిటంటే, 1975 దాకా కోటీ 90 లక్షలకు పైగా అమ్మారు, లాభం 4 కోట్ల 40 లక్షల డాలర్లు దాటింది. రాబర్ట్స్ దావా వేశాడు. 1977లో జ్యూరీ అతనికి 10 లక్షల డాలర్లు ఇప్పించింది. ఆ తర్వాతా వ్యాజ్యం ఏళ్ల తరబడి సాగింది.

నా సర్వీసులో ఒక్క పేరా రాస్తే ఆఫీసు ఆఫీసంతా రాత్రిళ్లు కూర్చునేది. ఈ ఒప్పందం నా బల్ల మీదికి వచ్చుంటే ‘గరిష్ఠ పరిమితి 10,000గా నిర్ణయించుటకు ప్రాతిపదిక ఏమి?’ అని ఒకే ఒక్క ప్రశ్న వేసేవాణ్ణి. ఆ ప్రశ్న అడిగే మనిషి గార్డ్‌నర్‌లో లేకపోయాడు.

పోనీ అని కంపెనీకి పూర్తిగా వ్యతిరేకంగా కూడా రాయలేను. గరాజ్ సేల్ పెద్దాయన చెప్పిన సంగతి ఒకటుంది. సియర్స్ వాళ్ల సొంత బ్రాండైన క్రాఫ్ట్స్‌మన్ చేతి పనిముట్టు ఎప్పుడు పాడైనా దుకాణానికి తీసుకెళితే మార్చి ఇచ్చేవారట. రసీదు అడిగేవారు కాదు, ఎలా పాడైందని అడిగేవారు కాదు, ఎప్పుడు కొన్నావని అడిగేవారు కాదు. రాచెట్ అయితే ఒక్కోసారి సొరుగులోంచి లోపలి సామాను పొట్లం తీసి మార్చేసేవారట. రసీదు అడగకుండా సరుకు ఇచ్చే సంస్థ ఒకటి భూమ్మీద ఉండేదని తెలిసి నాకు ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. ఆ సంస్థ 2017లో క్రాఫ్ట్స్‌మన్ పేరును స్టాన్లీ బ్లాక్ అండ్ డెకర్‌కు అమ్మేసింది, 2018లో దివాలా పిటిషను వేసింది. రసీదులు అడక్కపోవడం వల్లే అని నేననను. కానీ ఆడిట్ పరంగా గమనించదగ్గ విషయం.

సరే, ఇక మరమ్మతు. రాచెట్ లోపలి సామానును మూసిన పలకకు రెండే మరమేకులు. విప్పడానికి అల్లుడి గరాజ్‌లో పనిముట్లు వెతికాను. అందులో ఉన్నవి మంచాలూ అల్మరాలూ పెట్టెల్లో వచ్చినప్పుడు కూడా వచ్చిన ఆరు పలకల అలెన్ కీలు, ఒక డబ్ల్యుడి-40 డబ్బా. అంతే. అంత బుర్ర ఉన్న సాఫ్ట్‌వేర్ ఇంజినీరు ఇంట్లో స్క్రూడ్రైవర్ లేదు. అది కొనడానికి దుకాణానికి వెళితే విడిగా ఒక్కటి కాకుండా సెట్టు కొనడం లాభమని తేలింది. సెట్టుతో పాటు చిన్న సుత్తి, ఎమరీ పేపరు. బయటికొచ్చేసరికి రాచెట్‌కు పెట్టినదానికి బిల్లు చాలా రెట్లయింది.

‘మావయ్యగారూ, ఆ డబ్బుతో కొత్త రాచెట్టే వచ్చేది. 72 పళ్లది’ అన్నాడు అల్లుడు, కారు తలుపు తీస్తూ, వినయంగా.

చారాణా కోడికి బారాణా మసాలా అని హైదరాబాద్‌లో ఊరికే అనలేదు. అయితే ఆ సామెత చెప్పేవాళ్లు ఎప్పుడూ మసాలా రుచి గురించి మాట్లాడరు.

72 పళ్ల సంగతి కూడా చెప్పాలి. పళ్లు ఎక్కువైతే చెయ్యి తక్కువ కదిలినా పని జరుగుతుంది. 72 పళ్లయితే ఒక్కో పన్నుకు 5 డిగ్రీలు. నా దానికి 36 పళ్లు, అంటే ఒక్కో పన్ను పట్టడానికి 10 డిగ్రీలు తిరగాలి. ఇరుకులో దూరి పనిచేసేవాడికి కొత్తదే సుఖం, ఒప్పుకోవాలి. కానీ ఫోర్‌మన్‌గారి వాదన వేరు. ‘పన్ను లావుగా ఉంటే దెబ్బకు ఓరుస్తుందండీ. మా డిపోలో బస్సు చక్రం నట్టుకి గొట్టం తగిలించి ఇద్దరు వేలాడేవాళ్లం. అలా వేలాడితే దేని పళ్లయినా రాలతాయి, కానీ ముందు రాలేవి సన్నపళ్లు.’ నాకు నచ్చింది ఇంకొకటి. ఈ పాతదానికి రెండు మరమేకులున్నాయి. అంటే తయారు చేసినవాడు ‘ఇది ఎప్పటికైనా పాడవుతుంది, అప్పుడు ఇక్కడ విప్పు’ అని చెప్పి మరీ అమ్మాడు. ఈరోజుల్లో ఫోను దగ్గర్నుంచి మిక్సీ దాకా మూత ఎక్కడుందో కనిపించదు. లోపల ఏముందో చూసుకునే హక్కు కొన్నవాడికి లేకపోతే అది కొనడమెలా అవుతుంది? అద్దెకు తెచ్చుకోవడం అవుతుంది.

ఆ మరమేకులు తుప్పుతో పట్టేసి కదలనన్నాయి. ఫోర్‌మన్‌గారు వాకింగ్‌లో వైద్యం చెప్పారు. డబ్ల్యుడి-40 కొట్టి వదిలెయ్యాలి. స్క్రూడ్రైవర్‌ను గాడిలో పెట్టి నెత్తిన సుత్తితో రెండు తగిలించాలి. తర్వాత విప్పకూడదు, ముందు వెంట్రుకవాసి బిగించాలి. తుప్పు పగులుతుంది, అప్పుడు విప్పాలి. విప్పాలంటే ముందు బిగించాలన్నది నాకు బొత్తిగా మింగుడుపడలేదు గాని, మరమేకు ‘కిచ్’మని కదిలింది. ఆ డబ్బా మీద నాకు గౌరవం పెరిగింది. 1953లో శాన్ డియాగోలో రాకెట్ల లోహానికి తడి అంటకుండా ఉండేందుకని చేసిన మందట అది. 40వ ప్రయత్నంలో కుదిరిందని దానికా అంకె. మన రాచెట్ విప్పడానికి అంతటి మందు అక్కరకొచ్చింది.

పలక తీయగానే లోపల చల్లారిన బెల్లం పాకంలా గట్టిపడిన పాత గ్రీజు. పాల్ ఆ పాకంలో కూరుకుపోయి ఉంది. బిగించే వైపు ఎప్పుడో పళ్లలో కూర్చుని అక్కడే ఉండిపోయింది. మీట ఇటు తిప్పినా రెండోవైపు ఒరగడానికి రావట్లేదు. రోగం తెలిసింది. నేను టూత్‌పిక్‌తో ఆ గ్రీజును కెలుకుతూ పాల్‌ను కొంచెం పైకి లేపాను.

‘టింగ్’ మంది.

పాల్ వెనకాల ఓ చిన్న ఉక్కు బంతి, దాని వెనక స్ప్రింగు ఉంటాయి. ఎన్నేళ్ల నుంచి అణిగి ఉన్నాయో, సందు దొరకగానే రెండూ ఎగిరిపోయాయి. అది వాటి స్వభావం. నేను కూర్చున్నది వంటింటి బల్ల దగ్గర. మనవడు పాకుతున్నాడు. ఏది దొరికితే అది నోట్లో పెట్టుకునే వయసు.

తర్వాతి ఘట్టాన్ని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు, నేను లేనప్పుడు మాత్రమే. మనవణ్ణి ఉన్నపళంగా తొట్టిలోకి ఎత్తేశారు. అమ్మాయి ఆఫీసు మీటింగు మధ్యలో ఆపేసి నేల మీద పాకింది. అల్లుడు ఫోను టార్చి వేసి ఫ్రిజ్ కింద పడుకున్నాడు. మా ఆవిడ మోకాళ్ల నొప్పులతో సోఫా కిందికి వంగి, నా మీద ముప్పై ఏళ్ల నుంచి దాచుకున్న మాటలన్నీ కార్పెట్‌కు చెబుతోంది. ఎవరికీ ఏమీ దొరకలేదు. అప్పుడు అల్లుడికే తట్టింది, ‘మావయ్యగారూ, ఉక్కు కదా, అయస్కాంతం!’ అని.

ఇంట్లో ఉన్న అయస్కాంతం ఒక్కటే. ఫ్రిజ్ తలుపు మీద తిరుమల శ్రీవారిది, మేం వచ్చేటప్పుడు మా ఆవిడ కొండ మీద కొని తెచ్చింది. అల్లుడు దాన్ని తీయబోతే ఆవిడ ఒప్పుకోలేదు. స్నానం చేసినవాళ్లే ముట్టుకోవాలంది. చివరికి ఆవిడే చేతిలోకి తీసుకుని గోవింద నామం చెప్పుకుంటూ అంచుల వెంబడి జరుపుతూ పోయింది. డిష్‌వాషర్ కింది సందులో ‘టక్’మని చప్పుడైంది. స్వామివారి పాదాల దగ్గర, మిరియం గింజంత ఉక్కు బంతి అతుక్కుని ఉంది. ఏడుకొండలవాడు నా చిల్లర తప్పిదాల్లో కూడా ఇంత దగ్గరగా పనిచేస్తాడని అనుకోలేదు. ఆవిడ బంతిని నాకిస్తూ, ‘వెళ్లగానే తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాను’ అంది. ఎవరివి అని అడిగాను. నా బట్టతల వైపు చూసింది.

‘అలాంటివి ప్లాస్టిక్ సంచిలో చేతులు పెట్టి విప్పాలండీ. ఎగిరినా సంచిలోనే ఉంటాయి’ అన్నారు ఫోర్‌మన్‌గారు మర్నాడు పొద్దున. నిపుణులందరికీ ఇదే జబ్బు.

స్ప్రింగు మాత్రం దొరకలేదు. రిపేరు పొట్లం విడిగా తెప్పించుకోవచ్చుగాని దాని ధర విన్నాక నాలోని ఆడిటర్ అడ్డంపడ్డాడు. అల్లుడి ఆఫీసువాళ్లు పంచిన నొక్కుడు పెన్నులోది తీసి చూశాను, లావు. రంధ్రంలో దూరదు. అప్పుడు దేవుడి మూల కళ్లబడింది. అక్కడ అగ్గిపెట్టెలు చప్పున దొరకవని దీపారాధనకు మా ఆవిడ చిన్న లైటర్ల కట్ట కొనిపించింది. గ్యాసు అయిపోయినవి ఓ డబ్బాలో వేసి ఉంచింది, ఎందుకో ఆవిడకే తెలియాలి. మనకు ఏదీ పారెయ్యబుద్ధి కాదు కదా. లైటర్‌లో చెకుముకి రాయిని కింద నుంచి చక్రానికి నొక్కి పెట్టే స్ప్రింగు ఒకటుంటుంది. సన్నగా, పొడుగ్గా, మంచి బిగువుగా. ఓ ముక్క కత్తిరించి రంధ్రంలో వేసి, పైన బంతి పెట్టి నొక్కితే చక్కగా దిగి చక్కగా లేచింది.

తుప్పు పట్టిన పలకను, పాల్‌ను వెనిగర్‌లో నానబెట్టాలి. పైనున్న క్రోమ్ పూతకు వెనిగర్ మంచిది కాదు, కాబట్టి రాచెట్ ఒంటిని అందులో ముంచలేదు. అల్యూమినియం కాగితాన్ని ఉండచుట్టి నీళ్లలో తడిపి రుద్దితే క్రోమ్ మీది తుప్పు చుక్కలు ఎమరీ పేపరు అవసరం లేకుండానే వదిలాయి. చపాతీలు చుట్టే చుట్టలోంచి మూరెడు తగ్గిందని ఆవిడ గమనించింది గాని, రాచెట్ మెరుపు చూసి ఏమీ అనలేదు. లోపలి ముక్కల్ని వెనిగర్‌లో వేసింది పెరుగు డబ్బాలో. అమెరికాలో మనవాళ్ల ఇళ్లలో పెరుగు డబ్బా అంటే అందులో పెరుగు తప్ప అన్నీ ఉంటాయి. చారు, గోంగూర పచ్చడి, ఇడ్లీ పిండి, కొత్తిమీర కట్ట. ఆ రాత్రి అల్లుడు అన్నం వడ్డించుకుని ఫ్రిజ్ పక్కనున్న డబ్బా మూత తీసి గరిటె ముంచాడు. గరిటెలో గోధుమరంగు నీళ్లు, అందులో ఓ ఇనుప ముక్క.

‘చారు కొంచెం పులుపెక్కినట్టుంది అత్తయ్యగారూ’ అన్నాడు వాసన చూసి. అంతే అన్నాడు. ఇంతకంటే ఉత్తముడైన అల్లుణ్ణి నేను ఎరగను. అతనికి 72 పళ్ల రాచెట్ కొనిపెట్టాలని అప్పుడే అనుకున్నాను. కొనలేదనుకోండి.

నానినవాటిని వంటసోడా నీళ్లలో ముంచి పులుపు విరగ్గొట్టి, అమ్మాయి జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో తడి లేకుండా ఆరబెట్టాను. లేదంటే గంటలో మళ్లీ తుప్పు పూస్తుంది. నూనె దగ్గర కొంత చర్చ జరిగింది. ముద్దగా గ్రీజు దట్టిస్తే బలమని నా ఊహ. ‘ఆ ముద్దే కదండీ మొన్న పాకమైంది’ అని ఫోర్‌మన్‌గారు కొట్టిపారేశారు. పాల్ చురుగ్గా ఒరగాలంటే పల్చటి నూనె చాలట. కరోనా రోజుల్లో మాస్కులు కుడతానని అమ్మాయి కొన్న కుట్టుమిషను పెట్టె విప్పకుండా ఉంది. దాంతో వచ్చిన నూనె సీసా ఇన్నేళ్లకు తెరుచుకుంది.

అన్నీ అమర్చి, పలక పెట్టి, రెండు మరమేకులు బిగించి మీట అటు వేసి తిప్పాను. కటకటకట. ఇటు వేసి తిప్పాను. కటకటకట. బటన్ నొక్కితే బంతి లోపలికి, వదిలితే బయటికి. పిల్లాడు తొట్టిలోంచి తల తిప్పి చూసి పకపకా నవ్వాడు. వాడికి గిలక్కాయ తయారైంది. ఆ వారమంతా ఇంట్లో అదే చప్పుడు. అమ్మాయి మీటింగులో ‘నీ వెనకాల ఏమిటా శబ్దం?’ అని ఎవరో అడిగితే ‘మా నాన్న’ అని చెప్పిందట.

ఇక పని చూపించాలి. ఇల్లంతా తిరిగాను. అమెరికా ఇల్లు చెక్కతోనూ జిప్సం అట్టలతోనూ కడతారు, గోడల్లో ఎక్కడ చూసినా కూడిక గుర్తు మరమేకులే. కడకు గరాజ్ తలుపు పట్టాల దగ్గర, నిజమైన ఆరు పలకల బోల్టు ఒకటి కనిపించింది. ఫోర్‌మన్‌గారిని పిలుచుకొచ్చాను. ఆయన రాచెట్ తీసుకుని, తిప్పి, చప్పుడు విని, తృప్తిగా తలూపి, చెయ్యి చాచారు.

‘ఏదండీ, సాకెట్టు ఇలా ఇవ్వండి.’

సాకెట్టు లేదు. ఆ పెద్దాయన బల్ల మీదే సాకెట్ల పెట్టె విడిగా ఉండిందట, మాకంటే ముందొచ్చినవాళ్లెవరో పట్టుకుపోయారు. రాచెట్ చదరపు మూతి బోల్టుకేసి చూసింది. బోల్టు రాచెట్‌కేసి చూసింది. ఫోర్‌మన్‌గారు నా భుజం తట్టి, ‘బాగా తిరుగుతోందండీ’ అని వెళ్లిపోయారు.

సాకెట్లు కొందామని మళ్లీ దుకాణం మాటెత్తితే ఇంట్లో ఎవరూ కారు తాళాలు ఇవ్వలేదు.

తిరుగు ప్రయాణంలో దాన్ని చేతిసంచిలో పెట్టుకోవడానికి వీల్లేదు. అక్కడి విమానాశ్రయాల్లో 7 అంగుళాలు దాటిన పనిముట్టును లోపలికి రానివ్వరు. పెట్టెలోనే పెట్టాలి. పెట్టెకు 23 కిలోలు, అందులో ప్రతి గ్రాముకూ బాదంపప్పు, చాక్లెట్లు, పక్కింటివాళ్లు చెప్పిన విటమిన్ మాత్రలు ముందే రాసిపెట్టి ఉన్నాయి. బాత్రూమ్ కాటా మీద పెట్టె ఎక్కించిన ప్రతిసారీ ఆ అరకిలో పైచిలుకు ఇనుము ఎవరి చాక్లెట్లు తిన్నదో మా ఆవిడ పేరు పేరునా చెప్పింది. నేను రాత్రి అందరూ పడుకున్నాక దాన్ని ఉన్ని మేజోడులో దూర్చి పెట్టె అడుక్కి తోశాను. ఆడిటర్‌కు ఖాతాలో ఎక్కడ ఏది దాచవచ్చో తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

హైదరాబాద్ వచ్చాక ఒకరోజు మా అపార్ట్‌మెంట్ నీళ్ల మోటారు ఆగింది. మెకానిక్ కుర్రాడొచ్చాడు. మోటారు గోడకు ఆనుకుని ఉండటంతో వెనక బోల్టు దగ్గర మామూలు పానా తిరగట్లేదు. నేను పరుగున పైకెళ్లి రాచెట్ తెచ్చాను. తెచ్చాక గానీ భయం పట్టుకోలేదు. ఇది అంగుళాల దేశం నుంచి వచ్చింది. మనం 1956లోనే చట్టం చేసి మెట్రిక్ కొలతల్లోకి మారినవాళ్లం, మోటారు బోల్టు 13 మిల్లీమీటర్లది.

కుర్రాడు సంచిలో చెయ్యి పెట్టి జలంధర్ సరుకు 13 గోటీ తీసి నా రాచెట్ మూతికి ఆనించి నొక్కాడు. టక్. కూర్చుంది. నేను నోరు తెరిచాను.

‘గోటీ ముందు మిల్లీమీటరే సార్. వెనక చిల్లు మాత్రం ఎక్కడైనా అరంగుళమే’ అన్నాడు వాడు, తిప్పుతూనే.

తర్వాత కనుక్కుంటే నిజమే. మీటర్లను కనిపెట్టిన ఫ్రాన్సులో అమ్మే గోటీ వెనక కూడా చదరపు చిల్లు అంగుళాల్లోనే ఉంటుంది, కావాలంటే 12.7 మిల్లీమీటర్లని రాసుకుంటారు గానీ. ప్రపంచమంతా ముఖం మార్చుకుంది, వెన్ను మార్చుకోలేదు. కటకటమని నాలుగు ఊపుల్లో బోల్టు ఊడింది. బటన్ నొక్కగానే గోటీ వాడి అరచేతిలో పడింది. పీటర్ రాబర్ట్స్‌కు రావలసిన 2 సెంట్లు గుర్తొచ్చాయి.

‘మంచి మాల్ సార్. ఎక్కడ కొన్నారు?’

‘అమెరికాలో. రెండు డాలర్లు’ అన్నాను, పైనుంచి మా ఆవిడ వింటోందని తెలిసి కొంచెం గట్టిగానే.

వాడు లెక్క వేసుకున్నాడు. ‘అంత దూరం ఎందుకు సార్? జుమ్మేరాత్ బజార్‌కి పోతే ఇట్లాంటివి కుప్పలు పోసి అమ్ముతారు. గోటీలతో సహా ఇస్తారు. బేరం కూడా ఆడొచ్చు.’

జుమ్మేరాత్ బజార్ గురువారం ఉంటుంది. ఆ రోజు బుధవారం. తలెత్తి చూసేసరికి బాల్కనీలో మా ఆవిడ లేదు. స్కూటర్ తాళాలు తగిలించే మేకు దగ్గర్నుంచి గలగలమని చప్పుడు వినిపించింది.